సంఘపు బండిలో గ్యాసు మీటరు: తప్పు ఎక్కడ నున్నది?

కూరగాయలను బజారునకు చేర్చుటకై మన సంఘములు సొంత బండ్లను కొనుట నేడు అరుదు కాదు. డీజిలు ఖర్చు తగ్గించుకొనవలెనను తలంపుతో వానిలో కొన్ని సి.ఎన్.జి. తో, అనగా మిక్కిలి ఒత్తిడితో అణచి నింపిన సహజవాయువుతో, నడచు చిన్న ట్రక్కులను కొని యున్నవి. బండి కొనునాడు ధర, వడ్డీ, వాయిదాలు, భీమా అన్నియు కమిటీలో చర్చింపబడును. లోపల గ్యాసు ఎంత యున్నదో తెలుపు మీటరును గూర్చి మాత్రము ఎవరును ఒక్క మాటయైన అడుగరు. ఆ మీటరు మూలముననే కృష్ణా డెల్టాలోని యొక సంఘమున డ్రైవరునకు రెండు నెలల జీతములో కోత పడినది. దానిని విచారించు పని మాకు తటస్థించినది. చూచినది చూచినట్లు ఇచట వ్రాయుచున్నాము. గ్యాసు బండి గల సంఘములవారు దీనిని ఒకసారి కమిటీలో చదివించుకొందురని మా కోరిక.

ఆ సంఘపు సభ్యులలో పెక్కుమంది లంక భూముల రైతులు. దొండ, బీర, వంగ, అరటి వారి పంటలు. బండి ప్రతిదినము తెల్లవారుజామున మూడు గంటలకు కదలి, ఇరువదిరెండు కిలోమీటర్ల దూరమున నున్న విజయవాడ బజారు చేరవలెను. తొలి బేరములు తప్పినచో తరువాత చేరిన సరకునకు ధర పలుకదు. మరల ఊరికి వచ్చి, తక్కిన రేవులకు తిరిగి, రెండవ లోడు తీసికొని పోవునప్పటికి దినమునకు సుమారు 110 కిలోమీటర్లు నడచును. తెల్లవారుజామున బంకు వద్ద వరుసలో నిలుచుటకు వీలుండదు గనుక ముందునాటి సాయంకాలమే గ్యాసు నింపించి బండిని సంఘపు ఆవరణలో పెట్టుదురు. లోనికి వచ్చునప్పుడు గేటు కావలివాడు మీటరులో ఎన్ని దీపములు వెలుగుచున్నవో పుస్తకమున వ్రాయును. తాళము డ్రైవరు యొద్దనే యుండును. మూడు గంటలకు లేచి తాళమిచ్చు గుమాస్తా ఏ సంఘమునను మాకు కానరాలేదు.

2024 డిసెంబరులో ఆ కావలివాని పుస్తకమున ఒక వింత కానవచ్చెను. సాయంకాలము నాలుగు పచ్చదీపములు, తెల్లవారుజామున రెండే. ఒక దినము కాదు, ఇంచుమించు ప్రతిదినము. మంచు దట్టముగా కురిసిన దినములలో ఒక్క దీపమే మిగిలెడిది. అట్టి దినములలో, నడిదారిలో సరకుతో నిలిచిపోదునేమో యను భయమున, డ్రైవరు బండిని పెట్రోలునకు మార్చి నడిపెడివాడు. అందువలన పెట్రోలు బిల్లు పెరిగెను. కమిటీవారు రెంటిని కలిపి చూచిరి: రాత్రివేళ బండి బాడుగకు పోవుచున్నదని కొందరు, గ్యాసు ఎవరికో అమ్మబడుచున్నదని కొందరు. తుదకు నెలకు 900 రూపాయల చొప్పున జీతములో కోత కోయుటకు తీర్మానించిరి. జనవరి జీతములోను, ఫిబ్రవరి జీతములోను కోత పడెను.

మేము ఫిబ్రవరి మొదటి వారమున విత్తనశుద్ధి చూపుటకై ఆ ఊరికి పోయి యుంటిమి. పని ముగిసి చేతులు కడుగుకొనుచుండగా ఆ డ్రైవరు వచ్చి నిలిచెను. నలుబది యేండ్లవాడు, మాటకారి కాడు. తన గోడు చెప్పి చివర నొక ప్రశ్న వేసెను.

"రాత్రి బండి తిప్పాను గనక గ్యాసు తగ్గిందంటున్నారండి. సరేనండి. మరి బజారు చేరేసరికి మూడో దీపం మళ్లీ తనంతట తానే వెలుగుద్దండి. దార్లో గ్యాసు ఎవరు పోశారండి?"

మాకు ఆ ప్రశ్న విడువలేదు. గ్యాసు కాల్చుకొనుచు నడచిన బండిలో గ్యాసు పెరుగుట యెట్లు? ఈ మాట కమిటీ యెదుట చెప్పితివా యని యడిగితిమి. చెప్పినాననియు, నవ్విరనియు పలికెను. అధ్యక్షులు పెద్దవారు, న్యాయము తెలిసినవారు. మేము వెళ్లి యడుగగా నాలుగు దినములు బండిని పరీక్షించుకొనుటకు వెంటనే అనుమతించిరి. "మీరు తేల్చి చెప్పండి, తప్పు మాదైతే సొమ్ము తిరిగి ఇస్తాము" అని కూడ అనిరి.

ముందుగా కమిటీవారి మనస్సున నాటుకొనిన యొక పొరపాటును చెప్పవలెను. వారు పాత డీజిలు బండ్ల నెరిగినవారు. డీజిలును రబ్బరు గొట్టముతో పీల్చి డబ్బాలో పట్టుకొని పోవచ్చును. అట్టి దొంగతనములు వారు చూచియే యున్నారు. నిండిన సి.ఎన్.జి. సిలిండరులో ఒత్తిడి 200 బార్, అనగా మన చుట్టునున్న గాలి ఒత్తిడికి ఇన్నూరు రెట్లు. దానిని గొట్టము పెట్టి డబ్బాలో పట్టుట మానవ సాధ్యము కాదు; తెలియక జోడింపును వదులు చేసినవాడు ప్రాణముతో మిగులుటయే అదృష్టము. గ్యాసు అమ్మబడినదను వాదము ఆ రాత్రియే కూలెను. బాడుగకు త్రిప్పినాడను వాదము మిగిలెను.

ఇక మీటరు సంగతి. పెట్రోలు ట్యాంకులో తేలుచుండు బుడ్డి యొకటి యుండును. పెట్రోలు మట్టము దిగినచో అదియు దిగును. మీటరు ముల్లు దానిని బట్టి తిరుగును. వంటగ్యాసు బుడ్డిలో కూడ గ్యాసు ద్రవముగనే యుండును గనుక ఊపి చూచినచో లోపల ఊగును, తూచినచో ఎంత మిగిలినదో తెలియును. సి.ఎన్.జి. అట్లు కాదు. అది ప్రధానముగా మీథేను. 200 బార్ ఒత్తిడిలోను ద్రవము కాదు, వాయువుగనే యుండును. దానికి మట్టము లేదు. తేలు బుడ్డికి పని లేదు. కావున ఈ బండ్లలో మీటరు గ్యాసును కొలువదు, గ్యాసు ఒత్తిడిని కొలుచును. ఒత్తిడిని బట్టి గ్యాసు ఎంత యున్నదో మనము ఊహించుకొందుము. ఈ భేదము తెలియనివారికి గ్యాసు మీటరు జీవితమంతయు అబద్ధమాడుచున్నట్లే కనబడును.

ఆ బండిలో ఒత్తిడిని చూపునవి రెండు కలవు. ఇంజను వద్ద, సిలిండరు నుండి వచ్చు సన్నని ఉక్కు గొట్టము ముగియు చోట, గడియారము వంటి చిన్న పలక. దానిలో ఒక ముల్లు. ఇది 1849లో ఫ్రాన్సు దేశస్థుడగు యూజీన్ బూర్డాన్ పేటెంటు పొందిన పద్ధతి. అణచి వంచిన లోహపు గొట్టములోనికి ఒత్తిడి ప్రవేశించినచో గొట్టము కొంచెము విచ్చుకొనును. ఆ విచ్చుకొనుట ముల్లును త్రిప్పును. తిరునాళ్లలో పిల్లలు ఊదు చుట్టపీక నోటిగాలికి చాచుకొనునట్లే. విద్యుత్తు అక్కరలేదు, తీగ అక్కరలేదు. ఆ పలక వెనుక నొక చిన్న పరికరము ముల్లు స్థానమును విద్యుత్ సంకేతముగా మార్చి, తీగల ద్వారా డ్రైవరు ముందున్న స్విచ్చికి పంపును. అచట నాలుగు పచ్చదీపములు, గ్యాసు ముగియవచ్చినదని తెలుపు ఒక ఎఱ్ఱదీపము. డ్రైవరు చూచునవి దీపములే. కావలివాడు వ్రాయునవి దీపములే. కమిటీవారు జీతము కోసినదియు దీపములను చూచియే. ముల్లును ఎవరును చూడలేదు. దానిని చూడవలెనన్న సీటు ఎత్తవలెను.

మడిలో ఎరువును పరీక్షించునప్పుడు మేము రైతులకు చెప్పు మాట యొకటి కలదు: ప్రక్క ప్రక్కన రెండు మడులు, అన్నియు సమానము, ఒక్కటే భేదము. అదే పద్ధతిని బండికి వాడితిమి. మొదటి సాయంకాలము మేమే బంకుకు పోతిమి. ఆరు గంటలకు గ్యాసు నింపుట ముగిసినప్పుడు ముల్లు 200 మీద, దీపములు నాలుగు. సిలిండరు మీద చేయి వేయగా వేడిగా నున్నది. ఆవరణకు వచ్చి, నడచిన కిలోమీటర్లు చూపు మీటరులోని అంకెను కావలివాని యెదుట వ్రాసి, అతనిచేత వ్రేలిముద్ర వేయించితిమి. అతడు చదువుకొన్నవాడే; సంతకము చేసెదనని కోపగించుకొనెను, పిమ్మట చేసెను. ఎనిమిది గంటలకు ముల్లు 185. మేము సంఘపు గదిలోనే పండుకొంటిమి.

మూడు గంటలకు లేచి చూడగా కిలోమీటర్ల అంకె మారలేదు. బండి రాత్రి కదలలేదు. ముల్లు 170. దీపములు రెండు.

బాడుగ వాదము కూడ కూలెను. అయినను ముప్పది బార్ ఏమైనది? రెండవ దీపము కూడ ఏల ఆరెను? ఇవి వేరు వేరు ప్రశ్నలని మాకు వెంటనే తోచలేదు. ఏదో యొక కారణముచే రెండును జరిగినవని తలచి ఒక గంటసేపు వ్యర్థముగా వెదకితిమి. డ్రైవరుతో బజారునకు పోతిమి. చేరునప్పటికి ముల్లు 142కు దిగినది, దీపములు మూడు! ముల్లు దిగుచుండగా దీపము పెరుగుట మా కన్నులార చూచితిమి. రెండు సాక్షులు ఒకే సంగతిని గూర్చి విరుద్ధముగా చెప్పినచో ఒకరు అబద్ధమాడుచున్నారని తెలియును. ముల్లునకు తీగ లేదు, దీపమునకు తీగ కలదు. అనుమానము తీగ మీదికి పోయెను.

మొదట ముప్పది బార్ లెక్క చెప్పెదము. వాయువును త్వరగా అణచి నింపినచో వేడెక్కును. సైకిలు పంపుతో గాలి కొట్టినవారందరు పంపు అడుగు వేడెక్కుట నెరుగుదురు. బంకులో నాలుగైదు నిమిషములలో సిలిండరు నింపుదురు. లోపలి గ్యాసు సుమారు 55 డిగ్రీలకు పోవచ్చును. రాత్రి చలికి 22 డిగ్రీలకు దిగును. మూసిన పాత్రలోని వాయువునకు వేడి తగ్గినచో ఒత్తిడి తగ్గును. ఫ్రెంచి పండితుడు అమాంటన్ 18వ శతాబ్దపు తొలి దినములలోనే ఈ సంగతిని గమనించెను. లెక్క సులభము: డిగ్రీలకు 273 కలుపవలెను. 55కు 328, 22కు 295. 200ను 295తో హెచ్చించి 328తో భాగించిన 180 వచ్చును. అనగా ఒక్క గ్రాము గ్యాసు పోకుండ, ఎవరును తాకకుండ, 20 బార్ తగ్గును. ఇంత ఎక్కువ ఒత్తిడిలో మీథేను ఈ సులభమైన లెక్కకు పూర్తిగా లొంగదు. దాని అణువులు ఒకదానినొకటి ఆకర్షించుటచే ఒత్తిడి మరికొంత దిగును. కావున ముల్లు 170 చూపుట వింత కాదు. మేము చదివిన మిషను బడిలో ఉపాధ్యాయుడొకరు గాలి నింపిన బుడగను కుంపటి వద్ద ఉబ్బించి, నీటి తొట్టిలో ముంచి ముడుచుకొనజేసి చూపెడివారు. ముప్పది యేండ్ల తరువాత ఆ పాఠము ఒక మనిషి జీతము విషయమున పనికివచ్చునని అప్పుడు తోచలేదు.

ఈ బండిలో ముల్లు 175 దిగువకు రాగానే నాలుగవ దీపము ఆరుచుండెను. కావున నాలుగు మూడగుట చలి చేసిన పని. అది మీటరు తప్పు కాదు, డ్రైవరు తప్పు కాదు. మూడు రెండగుటయే అసలు రోగము.

తెల్లవారుజామున మాత్రమే వచ్చి, బండి నడచిన పిమ్మట పోవు రోగమేమి? మా మనస్సున మంచు మెదలెను. ఆవరణలో విచారింపగా మరియొక సంగతి తెలిసెను. కూరగాయల కుళ్లు వాసన వచ్చుచున్నదని సభ్యు లొకరు ఫిర్యాదు చేయగా, నవంబరు చివరి సమావేశమున కమిటీవారు ప్రతి సాయంకాలము బండిని మోటారు పంపు గొట్టముతో కడుగవలెనని తీర్మానించి యుండిరి. దీపముల వింత మొదలైనది డిసెంబరులో. కావలివాడు దీపములను వ్రాయుట బండి లోనికి వచ్చునప్పుడు. కడుగుట ఆ తరువాత.

రెండవ రాత్రి బండిని కడుగనీయలేదు. తక్కినదంతయు మొదటి రాత్రి వలెనే. తెల్లవారుజామున ముల్లు 170, దీపములు మూడు. మూడవ రాత్రి కడిగించితిమి: ముల్లు 170, దీపములు రెండు. నాలుగవ రాత్రి కడిగించితిమి గాని, అంతకు ముందు పలక వెనుక తీగలు కలియు జోడింపును ప్లాస్టికు సంచితో చుట్టి రబ్బరు బ్యాండు వేసితిమి. ముల్లు 168, దీపములు మూడు. ఇంతకంటె స్పష్టమైన ప్రదర్శన మడి మేము మా ఉద్యోగ జీవితమున వేయలేదు.

నాలుగవ దినము మధ్యాహ్నము, బ్యాటరీ తీగ తీసి, ఆ జోడింపును విప్పి చూచితిమి. నీరు చొరకుండ లోపల నుండవలసిన రబ్బరు వలయము లేదు. ఇత్తడి ముళ్ల మీద పచ్చని చిలుము పట్టి యున్నది. నీరు చేరినప్పుడు సంకేతము ఒక ముల్లు నుండి ప్రక్క ముల్లునకు కారిపోవుచున్నది. ఎండ్రకాయ బొరియ గుండ కాలువ నీరు ప్రక్క బోదెలోనికి జారినచో తూము వద్దకు చేరు నీరు తగ్గును గదా. అట్లే దీపములకు చేరు సంకేతము తగ్గి, గ్యాసు తక్కువ యున్నట్లు చూపుచున్నది. బండి కొంతదూరము నడచి ఇంజను వేడెక్కినచో తడి ఆరును, మూడవ దీపము వెలుగును. దారిలో గ్యాసు పోసినవారు లేరు. అధికారము పొందిన వర్కుషాపులో జోడింపును మార్చి, తడి చేరని గ్రీజు పూయించితిమి. ఖర్చు 160 రూపాయలు.

ఒక్క చిక్కు మిగిలెను. డిసెంబరులో ఏమి జరిగినదో మేము చూడలేదు గదా యని ఒక సభ్యుడు ఆక్షేపించెను. న్యాయమైన ఆక్షేపణయే. అప్పుడు డ్రైవరు ఇంటికి పోయి, తన కుమార్తె పాత లెక్కల నోటు పుస్తకము తెచ్చెను. వెనుక పుటలలో ప్రతిదినము బండి బయలుదేరినప్పటి కిలోమీటర్ల అంకె, తిరిగి వచ్చినప్పటి అంకె వ్రాసికొని యున్నాడు. ఎవరు చెప్పిరని యడుగగా, పూర్వము పనిచేసిన చోట అలవాటైనదనెను. సంఘపు పుస్తకమున కిలోమీటర్ల గడి మూడు నెలలుగా ఖాళీగా నుండెను. గుమాస్తా రూపాయలే వ్రాసెను. అదృష్టవశమున బంకు బిల్లులు తీగకు గుచ్చి యుండెను. ప్రతి బిల్లులోను కిలోలు అచ్చు పడి యున్నవి. ఒక రాత్రి కూర్చుండి బిల్లుల కిలోలను నోటు పుస్తకపు కిలోమీటర్లతో సరిచూచితిమి. పెట్రోలు వాడని సెప్టెంబరులో కిలోకు 17 కిలోమీటర్లు. మా నాలుగు దినములలో 25.6 కిలోలకు 436 కిలోమీటర్లు, అదియు కిలోకు 17. డిసెంబరులో పెట్రోలుపై నడచిన దినములను తీసివేయగా అదే పదునేడు. సాయంకాలపు అంకెయు, మరునాటి తెల్లవారుజాము అంకెయు ఎక్కడను తేడా పడలేదు.

దీనిని బట్టి గ్యాసు బండి గల సంఘములవారికి మేము చెప్పునదేమన, దీపములను పుస్తకమున వ్రాయుట మానుడు. వ్రాసినను దాని ప్రక్కన మూడు అంకెలను తప్పక వ్రాయుడు: బిల్లులోని కిలోలు, కిలోమీటర్ల అంకె, ఇంజను వద్దనున్న ముల్లు. కిలోలు తూకపు లెక్క. వానిని చలి మార్చదు, తడి మార్చదు. కిలోకు ఎన్ని కిలోమీటర్లు వచ్చుచున్నదో వారమునకొకసారి చూచినచో, అది నిలకడగా నున్నంతవరకు గ్యాసు పోవుట లేదనియే అర్థము, దీపములు ఏమి చెప్పినను.

ముల్లును చదువుటలో కూడ ఒక మెళకువ కలదు. ముల్లు 100 మీద నున్నచో సగము గ్యాసు మిగిలినదని తలచుట సహజము. నిజమునకు సగముకంటె కొంచెము తక్కువయే యుండును. 50 మీద నున్నచో నాలుగవ వంతుకంటె తక్కువ. పైన చెప్పిన ఆకర్షణయే దీనికిని కారణము. దూరపు ప్రయాణమున చివరి భాగము త్వరగా అయిపోవుచున్నదని డ్రైవర్లు చెప్పుట ఉత్తమాట కాదు.

దీపములకు, ముల్లునకు పొత్తు కుదరనప్పుడు తడి ఒక్కటే కారణము కానక్కరలేదు. భూమి తీగ, అనగా బండి చట్రమునకు బిగించిన తీగ, తుప్పు పట్టి వదులైనచో దీపములు గుంతలలో మినుకు మినుకుమనును. తీగను చేతితో మెల్లగా కదల్చి దీపములను చూచినచో ఇది తెలిసిపోవును. కర్మాగారమునుండియే గ్యాసుతో వచ్చు క్రొత్త బండ్లలో పెక్కింటికి ముల్లు పలకకు బదులు ఒత్తిడిని సూటిగా విద్యుత్తుగా మార్చు సెన్సారు ఉండును. అట్టివానిలో అనేకము 5 వోల్టుల సరఫరాపై నడచి, ఖాళీగా నున్నప్పుడు సుమారు అర వోల్టు, నిండినప్పుడు సుమారు నాలుగున్నర వోల్టులు చూపును. మీ బండి పుస్తకములోని అంకెలను చూచి మెకానికుచేత వోల్టు మీటరుతో పరీక్ష చేయింపవలెను. గ్యాసు కిట్టు మార్చినప్పుడో, స్విచ్చి మార్చినప్పుడో ఏ ఒత్తిడికి ఏ దీపము వెలుగవలెనో కంప్యూటరుతో దిద్దవలసి యుండును. అది చేయనిచో పరికరములన్నియు మంచివైనను దీపములు తప్పే చూపును. దీనిని కనుగొనుటకు సులభమార్గము, గ్యాసు అయిపోయి బండి తనంతట తాను పెట్రోలునకు మారు క్షణమున ఎన్ని దీపములున్నవో చూచుట. అప్పటికి రెండు పచ్చదీపములు వెలుగుచున్నచో దిద్దుబాటు కావలెను. అయితే అప్పుడు ముల్లు కూడ ఎక్కువ ఒత్తిడినే చూపుచుండినచో మీటరును నిందింపరాదు. గ్యాసు వడపోత పూడుకొని యుండవచ్చును, ఇంజనుకు గ్యాసు అందకపోవుటయే రోగము.

దీనికి విరుద్ధమైన సంగతి కూడ మేము మరియొక గ్రామమున చూచితిమి. రెండు సిలిండర్ల బండి. దీపములు నాలుగు, ముల్లు 200, అన్నియు సరిగానే యున్నవి. కాని బండి నడచు దూరము సగమైనది. యజమాని మీటరు మార్చుటకు సిద్ధపడెను. బిల్లులు తెప్పించి చూడగా పూర్వము 14 కిలోలు పట్టుచుండిన బండిలో ఆ నెల 7 కిలోలే పట్టుచున్నవి. సిలిండర్ల పరీక్ష తరువాత ఒకదాని చేతి వాల్వు తెరచుట మరచిరి! ఒక సిలిండరే నిండుచు, ఒకటే ఖాళీయగుచున్నది. మీటరు ఒత్తిడిని చూపును గాని ఎన్ని సిలిండర్లున్నవో లెక్కించదు. మీటరు మార్చి యుండినచో రెండు వేల రూపాయలు పోవుట తప్ప లాభము లేకపోయెడిది.

రాత్రి ముల్లు దిగినదని విన్నవెంటనే గ్యాసు కారుచున్నదేమో యను భయము కలుగుట సహజము. 2014 జూన్ 27వ తేదీన కోనసీమలోని నగరం గ్రామమున గ్యాసు గొట్టపుమార్గము పగిలి మంటలు లేచి పలువురు మరణించిన సంగతి మన జిల్లాలవారు మరువలేదు. ఆ భయమును పరిహసింపరాదు. తేడా తెలిసికొనుట సులభమే. చలివలన దిగిన ముల్లు గ్యాసు చల్లారిన పిమ్మట నిలిచిపోవును, ఎండ ఎక్కినచో కొంత పైకి వచ్చును. కారుచున్నచో ముల్లు ఆగక దిగుచునే యుండును. దిగినది తిరిగి రాదు. బండిని ఒక పగలు, ఒక రాత్రి కదల్పక ఒకే వేళకు రెండు మారులు ముల్లును చూచినచో తేలిపోవును. మీథేనునకు సొంత వాసన లేదు. వాసన పదార్థమును కావలెననియే కలుపుదురు. ఆ వాసన తగిలినచో స్విచ్చి వేయక, అగ్గిపుల్ల గీయక, బండిని బయట గాలిలో నుంచి సిలిండరు వాల్వును మూయవలెను. మీథేను గాలికంటె తేలిక గనుక పైకి పోవును. కావున మూసిన పైకప్పు గల షెడ్డులో బండి పెట్టుట మంచిది కాదు. జోడింపుల మీద సబ్బునీరు రాసి బుడగలు లేచునేమో చూడవచ్చును. కుంకుడు నురుగైనను చాలును. బుడగ కనబడినచోట మీరు స్పానరు వేయరాదు.

ఈ మాటను మరియొక మారు చెప్పుచున్నాము. తీగలు, దీపములు, ముల్లు, బిల్లులు ఇవి మనము చూచుకొనవచ్చునవి. ఉక్కు గొట్టములు, వాల్వులు, రెగ్యులేటరు, సిలిండరు మనవి కావు. వానిని అనుమతి గల వర్కుషాపువారే ముట్టవలెను. బండిలోని సి.ఎన్.జి. సిలిండరును మూడేండ్లకొకసారి నీటి ఒత్తిడి పరీక్ష చేయించుట మన దేశమున నిబంధన. పరీక్ష తేదీ సిలిండరు వద్ద పలక మీద చెక్కి యుండును. మేము చూచిన ఆ సంఘపు బండి పలక మీద తేదీ మించి నాలుగు నెలలైనది, అధ్యక్షులకు చూపితిమి. ఆయన కొంతసేపు మాటలాడలేదు.

మార్చి సమావేశమున కమిటీవారు కోసిన 1,800 రూపాయలను డ్రైవరునకు తిరిగి ఇచ్చుటకు తీర్మానించిరి. పెట్రోలు ఎక్కువ ఖర్చును అతనిపై వేయవలెనని ఒక సభ్యుడు పట్టుపట్టెను. దీపములను నమ్ముమని చెప్పినది మనమే గదా యని అధ్యక్షులు అడుగగా ఊరకుండెను. సిలిండరు పరీక్షకు పోయి వచ్చినది. బండిని ఇప్పుడు సాయంకాలము గాక, మధ్యాహ్నము బజారు నుండి వచ్చిన పిమ్మట ఎండలో కడుగుచున్నారు. సంఘపు పుస్తకమున కిలోమీటర్ల గడి నిండుచున్నది. డ్రైవరు మాత్రము తన నోటు పుస్తకమును మానలేదు. పాతది నిండగా క్రొత్తది కొనుక్కొన్నాడు.